మూడు చుట్లు వదులు

చెన్నై,
జూన్ 9, 2024.

అన్నకు,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు. ఎత్తినా "ఆ, ఆ, సరేలే" అని వదిన చేతికిచ్చేస్తావు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే కాగితం మీద రాసి పంపమన్నావని వదిన చెబితే నవ్వొచ్చింది. ఇక్కడ కవర్లు, స్టాంపులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవడానికే ఒక పూట పట్టింది. సరే, నీ మాట ఎప్పుడు కాదన్నాను గనక.

బస్సులో సుఖంగానే చేరాను. ముత్తుకూరులో ఉన్న మూడు రోజులూ నీ మెకానిక్ షెడ్డులోనే అయిపోయాయి. వదినతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. కోపం పెట్టుకోవద్దని చెప్పు.

చిన్నబాబు కారు గురించి రాయాలి. నేను పని చేస్తున్నంతసేపూ నువ్వు పక్కనే నిలబడ్డావు గానీ ఒక్క మాటా అడగలేదు. అడగడానికి పెద్దరికం అడ్డొచ్చిందేమో. ఆ కారులో టర్బో ఉంది. అది గాలిని అదిమి ఇంజన్‌లోకి తోస్తుంది. నడిపేవాడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే గాలి వెళ్ళే తలుపు మూసుకుంటుంది. అదిమిన గాలికి పోయే చోటుండదు. అప్పుడు తెరుచుకుని దాన్ని వదిలేసేదే బ్లో-ఆఫ్ వాల్వు. కారుతో వచ్చిన వాల్వు ఆ గాలిని చప్పుడు చేయకుండా తిరిగి పైపులోకే పంపుతుంది. నేను వేసింది బయటికి వదులుతుంది. 'ష్'మనే ఆ చప్పుడు అందుకే. చిన్నబాబుకు కావాల్సింది ఆ చప్పుడే. పోర్టులో క్రేన్ మీద కూర్చునేవాడు, జాలర్ల పాళెంలో మొదటి కారు కొన్నవాడు, నలుగురూ తిరిగి చూడాలనుకోవడంలో తప్పేముంది.

వాల్వు నెత్తిన ఒక స్క్రూ ఉంటుంది, దాని కింద స్ప్రింగు. మరీ బిగిస్తే వాల్వు తెరుచుకోదు, గాలి వెనక్కి తన్ని టర్బో రెక్కలు దెబ్బతింటాయి. మరీ వదిలితే బండి నిలబడి ఉన్నప్పుడు కూడా గాలి పీలుస్తుంది, ఇంజన్ వణుకుతుంది. కొత్త స్ప్రింగు కాబట్టి నెల తర్వాత ఒకసారి సరిచూడాలి. ఆ పని నువ్వు చెయ్. ఇంజన్ నడుస్తుండగా, సన్నగా బుస వినిపించేదాకా స్క్రూ వదులు చేసుకుంటూ పో. వినిపించగానే తిరిగి బిగించుకుంటూ రా. బుస ఆగిన చోటి నుంచి ఇంకో పావు చుట్టు బిగించి వదిలెయ్. మీటర్లేవీ అక్కర్లేదు, చెవి చాలు. మా సమాధానం చెవికి మించిన మీటరు జిల్లాలో లేదని నాన్న నీ గురించి అనేవాడు కదా.

పాత వాల్వు నీలం డబ్బాలో పెట్టాను. పారెయ్యకు.

నీ తమ్ముడు
బెన్హర్

*

ముత్తుకూరు,
జూలై 2.

తమ్ముడు బెన్హర్‌కు అన్న రాసేది.

ఉత్తరం అందింది. మీ వదిన రెండుసార్లు చదివింది. మూడు రోజులు ఉండి ఆమె వండిన చేపల పులుసు ఒక్క పూటే తిన్నావని ఆమె కోపం. నా కోపం వేరే.

చిన్నబాబు నిన్న షెడ్డుకు వచ్చాడు. "అన్నా, కాలు తీసి స్పీడు తగ్గించినప్పుడు ఇంజన్ చచ్చిపోతాండాది. రెండు తడవలయినాది. నెల్లూరు సిగ్నల్ కాడ ఒకసారి, మా పాళెం మలుపు కాడ ఒకసారి" అన్నాడు. బండి షెడ్డులోకి తెమ్మన్నాను. నువ్వు రాసినట్టే స్క్రూ తిప్పి సరిచేశాను. "సౌండు బాగొచ్చిందన్నా" అని సంతోషంగా వెళ్ళాడు.

నాకు మాత్రం సంతోషంగా లేదు. నిన్నొకటి అడుగుతాను, నవ్వకుండా జవాబు రాయి. ఈ కార్లలో లోపలికొచ్చే గాలిని మొదట్లోనే కంప్యూటర్ కొలుస్తుంది కదా. కొలిచిన గాలికి తగినంత పెట్రోలు ఇంజన్‌లోకి వదులుతుంది కదా. నీ వాల్వేమో కొలత అయిపోయిన గాలిని దారిలో బయటికి వదిలేస్తోంది. మరి ఆ గాలి కోసం వదిలిన పెట్రోలు ఏమవుతుంది? గాలి లేని పెట్రోలు ఇంజన్ గొంతుకు అడ్డం పడదా? కాలు తీసినప్పుడే ఆగుతోందని అతను చెప్పింది దీనివల్ల కాదా?

పాతది నీలం డబ్బాలోనే ఉంది. వేసేయమంటే అరగంట పని. చిన్నబాబుకు నేను నచ్చజెబుతాను. నువ్వు ఊఁ అను చాలు. నీ పని మీద నీకు చెప్పకుండా చెయ్యి పెట్టను.

సమాధానం

*

చెన్నై,
జూలై 10.

అన్నా,

నువ్వింకా కార్బురేటర్ల కాలంలోనే ఉన్నావు. ఇక్కడ మేం వారానికి నాలుగు బండ్లకు ఇదే వాల్వు వేస్తున్నాం. కొత్తలో కంప్యూటర్ కొంచెం తడబడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. బండి ఒకటి రెండుసార్లు ఆగితే స్క్రూ కాస్త సరిచూస్తే పోతుంది. నువ్వు సరిచూశానని రాశావు కాబట్టి ఇక ఆగదు.

పాతది వెయ్యొద్దు. ఆ కారు వీడియో పెట్టాను, వేలమంది చూశారు. మాది ఏ ఊరని అడుగుతున్నారు. ఇప్పుడు మా అన్న విప్పేశాడని చెప్పుకోమంటావా?

పని తొందరలో ఉన్నాను. వదినకు వందనాలు చెప్పు.

బెన్హర్

*

ముత్తుకూరు,
ఆగస్టు 21.

బెన్హర్‌కు,

మీ వదిన ఫోన్‌లో చెప్పే ఉంటుంది. అయినా నేను రాస్తాను. రాయకపోతే ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు.

పోయిన గురువారం పొద్దున పదిన్నరకు చిన్నబాబు, వాళ్ళ పాళెంలోనే ఉండే సుబ్బు కారులో నెల్లూరుకు బయలుదేరారు. సుబ్బు పడవకు నీళ్ళలో తిరిగే ఫ్యాను విరిగితే కొత్తది తేవడానికి. పాళెం రోడ్డు పోర్టు రోడ్డులో కలిసే మలుపు నీకు తెలుసు. కరెంటు ప్లాంటు నుంచి బూడిద మోసే ట్యాంకర్లు అక్కడ వరసగా ఆగి ఉంటాయి. మలుపు దగ్గర చిన్నబాబు కాలు తీశాడు. ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు ఒకసారి పట్టింది, కంగారులో వదిలి మళ్ళీ తొక్కేసరికి రాయిలా అయిపోయింది. కారు ఎడమపక్కకు వెళ్ళి ట్యాంకరు తోక కిందికి దూరింది. ఎడమపక్క కూర్చున్నది సుబ్బు.

ఆస్పత్రికి చేరకముందే పోయాడు. వాళ్ళ ముసలి తల్లికి ఒక్కడే కొడుకు. మొగుడు సముద్రంలో పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు.

ఇదంతా చిన్నబాబు నోటితో చెబితే తెలిసింది. ఆదివారం చెయ్యి మెడకు కట్టుకుని షెడ్డుకు వచ్చాడు. వెంట పాళెం పెద్ద పోలేరయ్య, ఇంకో ఇద్దరు. అప్పటికే అతివేగం అని కేసు రాశారు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు బ్రేకులు, స్టీరింగు చూసి లోపం లేదన్నాడు. ముందు భాగం నుజ్జయిపోయింది కాబట్టి ఇంజన్ జోలికి ఎవరూ పోలేదు.

చిన్నబాబు నా ముందు నిలబడి అడిగాడు. "అన్నా, నీకు తెలుసు గదా ఆ బండి. ఇంజన్ ఆగిపోయినాదంటే ఒక్కరూ నమ్మటంలా. నేను స్పీడుగా పోయి సుబ్బును చంపినానంటుండారు. నువ్వొక్క మాట చెప్పు. బండి అట్టా ఆగతాదా, ఆగదా?"

పోలేరయ్య నా మొహంలోకే చూస్తున్నాడు. "చెప్పు సమాధానం. నీ మాట మీద నమ్మకం ఉండాది మాకు. ఆగతాదంటే ఆగతాదని చెప్పు" అన్నాడు.

నేను "ఆగదు" అన్నాను.

ఒక్క మాట. చిన్నబాబు ఇంకా ఏదో అంటానని చూస్తూ నిలబడ్డాడు. పోలేరయ్య అతని మంచి భుజం పట్టుకుని "ఇంక పదరా" అన్నాడు.

నువ్వు ఇక ఆగదని రాశావు. నేను సరిచేశాను. ఇద్దరు పనివాళ్ళు కలిసి చేసిన పని తప్పని ఆ క్షణంలో నోరు రాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ వాల్వుతో బండి ఆగుతుందని నీకు ముందే తెలుసా? దేవుడి మీద ప్రమాణాలేం వద్దు. అవును, కాదు, అంతే రాయి.

సమాధానం

*

చెన్నై,
ఆగస్టు 27.

అన్నా,

సుబ్బు గురించి విని బాధపడ్డాను. నాకూ తెలిసినవాడే.

ఆగదని చెప్పి మంచి పని చేశావు. ఆ మాట మీదే ఉండు. ఎవరు మళ్ళీ అడిగినా అదే చెప్పు. చిన్నబాబు ఎలా నడుపుతాడో నేను చూశాను. నా ఎదురుగానే పోర్టు రోడ్డు మీద ఎగిరిపోయేట్టు పోయాడు. కుర్రతనం. అతను స్పీడుగా పోలేదని నువ్వు మాత్రం ప్రమాణం చేయగలవా?

నీలం డబ్బాలోది ఎక్కడైనా పారెయ్. నేను రాసిన ఉత్తరాలు కాల్చెయ్. ఇంక వీటి గురించి రాయకు. జూన్‌లో నేను ఊరికొచ్చింది వదినను చూడ్డానికి. అంతే.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. నేను వేసి వచ్చినప్పుడు ఆ బండి బాగానే ఉంది. ఆఖరుగా స్క్రూ మీద చెయ్యి పెట్టింది నువ్వు. ఎవరైనా తవ్వితే ముందు బయటపడేది నీ చెయ్యే. నీ మంచికే చెబుతున్నా.

బెన్హర్

*

ముత్తుకూరు,
అక్టోబర్ 6.

బెన్హర్,

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ వదిన "ఏం రాసినాడు?" అని అడిగింది. కులాసాగా ఉన్నాడని చెప్పాను. నెల రోజులు నీకు జవాబు రాయబుద్ధి కాలేదు. అవును అనలేదు, కాదు అనలేదు. నా చెయ్యి చూపించావు. నీ చేతికి స్పానరు ఎట్లా పట్టుకోవాలో నేర్పిన చెయ్యి అది. పోనీ, ఆ మాట దగ్గరే ఆగిపోతే నిన్ను తిట్టుకుంటూ బతికేవాణ్ణి. అది కూడా లేకుండా పోయింది.

మొన్న వేరే బండి పని మీద పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. వెనక ఆవరణలో ఆ కారు ఉంది. వానకు తడిసి సీట్లు బూజు పట్టాయి. కానిస్టేబులు నాకు తెలిసినవాడే, చూసుకోమన్నాడు. నీ వాల్వు విరగలేదు. పైపుకు వేలాడుతూ ఉంది. వేలు పెట్టి నొక్కితే ఎదురే లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. స్క్రూను కింది దాకా బిగిస్తూ చుట్లు లెక్కపెట్టాను. ఉండాల్సిన దానికన్నా మూడు చుట్లు వదులుగా ఉంది. మళ్ళీ లెక్కపెట్టుకుంటూ ఎక్కడ ఉన్నదో అక్కడికే తెచ్చి వదిలేశాను. ఎవరూ ముట్టలేదు దాన్ని. ఆఖరుగా ముట్టింది నేనే, నువ్వు రాసినట్టు.

ఎందుకు వదులుగా ఉందో నీకు చెప్పాలి. బుస వినిపించేదాకా వదులు చెయ్యమన్నావు. చిన్నబాబు పక్కన నిలబడి ఉండగా ఒక చుట్టు వదిలాను, వినిపించలేదు. రెండో చుట్టు. మూడో చుట్టు. వినిపించలేదు. బుస లేదంటే వాల్వు మూసుకునే ఉందని నాకు నేను చెప్పుకుని అక్కడే ఆపేశాను. నాకు బుస వినపడదు బెన్హర్. మూడేళ్ళయింది. 'స', 'ష' లాంటి సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయి. నెల్లూరులో డాక్టరు పరీక్ష చేసి, ముప్ఫై ఏళ్ళు గాలి కంప్రెసర్ పక్కన నిలబడితే ఇంతే అన్నాడు. ఇంజన్ కొట్టుకోవడం వినిపిస్తుంది, బేరింగు అరుపు వినిపించదు. మీ వదిన కుక్కరు కూస్తే నేను కదలకుండా కూర్చున్నప్పుడు ఆమెకు తెలిసిపోయింది. ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నీ ఫోన్ ఎత్తనిది అందుకే. నువ్వు మాట్లాడుతుంటే సగం అక్షరాలు దారిలోనే రాలిపోతాయి. తమ్ముడి ముందు "ఏందీ, ఏందీ" అనడం చేతకాక కాగితాలు రాయమన్నాను.

చిన్నబాబు నా పక్కనే ఉన్నాడు. "నీకు బుస వినిపిస్తాందా?" అని అతన్ని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. సౌండు బాగొచ్చిందన్నాడే, ఆ సౌండే అది. బండి నిలబడి ఉండగా అది రాకూడదని అతనికి తెలియదు.

ఇప్పుడు అతని సంగతి విను. లైసెన్సు లాక్కున్నారు, క్రేన్ పని పోయింది. సముద్రానికి పోదామంటే పాళెంలో ఎవరూ పడవ ఎక్కనివ్వడం లేదు. ముసలమ్మ రోజూ పొద్దున వాళ్ళ గడప ముందుకొచ్చి కూర్చుంటుందట. తిట్టదు, ఏడవదు. ఒకటే అడుగుతుందట. "ఎంత స్పీడుగా పోయినావు నాయనా?" అతను "స్పీడు కాదు పెద్దమ్మా, ఇంజన్ ఆగిపోయినాది" అంటాడు. ఆమె లేచి వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది. నేను ఆగదన్న మాట ఆమెకు చేరింది కదా.

నేను వెళ్ళి చెప్పేయాలనుకుంటున్నాను. నా చెవుల గురించి, మూడు చుట్ల గురించి. నీ భాగం నువ్వు చెబితే బాగుంటుంది. అసలు నీ భాగం ఎంతో నాకు ఇంకా తెలియదు. తెలుసా, తెలియదా అని అడిగాను.

సమాధానం

*

చెన్నై,
అక్టోబర్ 15.

అన్నా,

తెలుసు.

రెండేళ్ళ క్రితం ఇక్కడ ఒకాయన కారుకు ఇదే వాల్వు వేశాను. ఫ్లైఓవర్ దిగుతూ కాలు తీయగానే ఇంజన్ ఆగిపోయింది. వెనక ఎవరూ లేరు కాబట్టి బతికాడు. మా ఓనరు నన్ను పిలిచి, గాలిని కొలిచే సెన్సార్ ఉన్న బండ్లకు బయటికి వదిలేది వేయకు, తిరిగి పైపులోకి పంపేదే వెయ్యి అని అందరి ముందూ చెప్పాడు. ఆ తర్వాత ఇక్కడ నేను వేయలేదు. వారానికి నాలుగు వేస్తున్నామని రాసింది అబద్ధం. నువ్వు జూలైలో అడిగిన ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏ క్లాసుకూ పోకుండా, ఎవరూ చెప్పకుండా ముత్తుకూరు షెడ్డులో కూర్చుని నువ్వు అది పట్టుకున్నావు. నాకు గర్వంగా అనిపించలేదు. ఒళ్ళు మండింది. ఎంత నేర్చుకున్నా నీ ముందు చిన్నవాణ్ణే అనిపించింది. అందుకే కార్బురేటర్ల కాలం అని రాశాను.

ఊళ్ళో ఎందుకు వేశానంటావా? చిన్నబాబు అడిగాడు. నువ్వు చూస్తున్నావు. నీకు తెలియని పని నేను చేస్తుంటే నువ్వు పక్కన నిలబడి చూడటం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇప్పుడు నా మాట కూడా విను. చెవులు వినపడవని నువ్వు ఒక్క ముక్క చెప్పి ఉంటే, చెవితో చూడమని నేను రాసేవాణ్ణా? నీ పరువు కోసం నువ్వు దాచావు. నా పరువు కోసం నేను దాచాను. తేడా ఏంటంటే, నువ్వు చెప్పేసి మంచివాడివైపోతావు. నీ వయసు యాభై ఆరు. షెడ్డు మూసుకున్నా నిన్ను పెద్దమనిషనే అంటారు. నాకు ముప్ఫై మూడు. జనవరిలో ఇక్కడ సొంతంగా వర్క్‌షాపు మొదలుపెడుతున్నాం నేనూ, ఇంకొకతనూ. బోర్డు మీద నా పేరు రాయించారు. ఒక ప్రాణం పోయిందని పేపర్లో వస్తే ఆ బోర్డు కింద బండి ఎవరు ఆపుతారు?

చిన్నబాబు కేసు కోర్టుకు వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. అప్పటికి అందరూ మరిచిపోతారు. అన్నా, కాళ్ళు పట్టుకుంటాను. చెప్పొద్దు. చెబితే నీ వరకే చెప్పు, నా పేరు ఎత్తొద్దు. నాన్న పోయాక నువ్వే నాన్నవని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒక్కసారి అలాగే ఉండు.

బెన్హర్

*

ముత్తుకూరు,
డిసెంబర్ 11.

బెన్హర్‌కు,

నీ ఉత్తరం రెండు నెలలు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. నీ పేరు వదిలేసి చెప్పే దారి వెతికాను. నా చెవుల వల్లే అంతా జరిగిందని చెబితే సరిపోతుందా అని చూశాను. మీ వదినను అడిగాను. ఆమె "నీ తప్పు నువ్వు మోసుకో. వాడి తప్పు కూడా మోసి వాణ్ణి ఇంకా చిన్నపిల్లోణ్ణి చెయ్యబాక" అంది. ఆ మాటతో తేలిపోయింది.

రెండు నెలలు ఆగడం నా రెండో తప్పు. అది ఎంత పెద్దదో పోయిన ఆదివారం తెలిసింది.

చర్చి నుంచి నేరుగా పాళేనికి వెళ్ళాను. వలలు బాగుచేసుకునే పాక దగ్గర పోలేరయ్య, పెద్దలు కూర్చుని ఉన్నారు. ముసలమ్మను, చిన్నబాబును పిలిపించమన్నాను. ఇద్దరూ వచ్చారు. నేను నిలబడే చెప్పాను. వాల్వు అంటే ఏంటో, నువ్వు ఏది వేశావో, అది వేయకూడదని నీకు తెలిసి ఎలా వేశావో, నాకు చెవులు వినపడక ఎలా మూడు చుట్లు వదిలేశానో, ఆగుతుందని తెలిసీ ఆగదని ఎలా అబద్ధం చెప్పానో, అంతా. మధ్యలో ఎవరైనా మాట్లాడారేమో, నాకు వినిపించి ఉండదు.

అయిపోయాక ముసలమ్మ లేచి నా దగ్గరకు వచ్చింది. నాకు వినపడదని ఇప్పుడే విన్నది కదా, మొహానికి దగ్గరగా వచ్చి గట్టిగా అడిగింది. "ఈ బిడ్డ చెయ్యి కట్టుకోని వచ్చి అడిగిన పొద్దు ఎందుకు చెప్పలా?"

"భయపడి" అన్నాను.

"నాలుగు నెలలు నాకు ఈ పిల్లోణ్ణి చూపించినావు. వీడి గడప ముందర కూర్చుంటే నా కడుపుమంట కొంచెం ఆరేది. ఇప్పుడు ఎవురి గడప ముందర కూచోవాల? నీ గడప ముందరా? నీ తమ్ముడి గడప ముందరా?" అంది.

అప్పుడు చిన్నబాబు మాట్లాడాడు. మనిషి సగమైపోయాడు. "అన్నా, ఇదంతా ఎందుకు చెప్తుండావు? స్పీడుగా పోయింది నేనే" అన్నాడు.

"నువ్వే కదా ఇంజన్ ఆగిపోయిందన్నావు" అన్నాను.

"అన్నా. నువ్వు ఆగదన్నావు. నీకంటే బండి గురించి ఎవరికి తెలుసు? ఇంటికి పోయి బాగా ఆలోచించినా. రోజూ ఆలోచించినా. ఆలోచిస్తాంటే గుర్తుకొచ్చినాది. నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉండాది. తీయలా. సుబ్బు నెమ్మదిగా పొమ్మన్నాడు, నేను వినలా. అన్నీ కనపడతాండాయి నాకు."

బెన్హర్, అతను అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగా గుర్తుంది. జరగనిది గుర్తుంది.

ముసలమ్మ అతని వైపు తిరిగింది. అప్పుడు తెలిసింది నాకు. పోయిన నెలలో ఒకరోజు ఆమె "ఎంత స్పీడుగా పోయినావు నాయనా" అని అడిగితే అతను "తొంభై పెద్దమ్మా" అన్నాడట. ఆ తర్వాత ఆమె రావడం మానేసిందట, కావాల్సింది దొరికినట్టు.

"తొంభై అని ఎందుకు చెప్పినావురా?" అని ఆమె ఇప్పుడు అడిగింది.

"రోజూ అడగతాండావు గదా పెద్దమ్మా" అన్నాడు.

నేను అతని చెయ్యి పట్టుకుని, స్టేషన్‌లో ఉన్న వాల్వు చూపిస్తాను రమ్మన్నాను. చుట్లు లెక్కపెట్టి చూపిస్తానన్నాను. చెయ్యి విడిపించుకున్నాడు. "ఇప్పుడొచ్చి నాకు ఇది చెప్పబాకన్నా. కష్టపడి ఒప్పుకున్నా నేను. మళ్ళీ మొదటి కాడి నుంచి నా వల్ల కాదు" అని ఇంటికి వెళ్ళిపోయాడు. పోలేరయ్య వెనక నుంచి పిలిచి, రేపటి నుంచి ఎవరి పడవైనా ఎక్కొచ్చని చెప్పాడు. అతను వెనక్కి చూడలేదు. ఈ ఉత్తరం రాసే రోజుకు కూడా అతను ఏ పడవా ఎక్కలేదు.

సోమవారం స్టేషన్‌కు వెళ్ళాను. ఎస్.ఐ. గారు నా మాట మొదట నమ్మలేదు. తర్వాత రాసుకున్నారు. నీలం డబ్బాలోని పాత వాల్వు, నీ ఉత్తరాలు నాలుగూ ఇచ్చాను. కాల్చెయ్యమన్నది కూడా. ఇంజన్ విప్పి చూడటానికి మనిషిని పిలిపిస్తామన్నారు. మనిద్దరి మీదా కేసు పడొచ్చన్నారు. నీ అడ్రసు అడిగితే చెప్పాను.

షెడ్డు మూసేశాను. ఇంకెవరి బండీ ముట్టను.

నాన్నలా ఉండమన్నావు. నాకు చేతనైనది ఇదే.

సమాధానం

*

చెన్నై,
డిసెంబర్ 19.

అన్నకు,

ఉత్తరం కంటే ముందే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. వర్క్‌షాపులో నాతో కలిసేవాడు అదే రోజు సాయంత్రానికి తప్పుకున్నాడు. బోర్డు మీద నా పేరు తెల్లరంగుతో కొట్టేశారు. నీకు చెప్పడం కోసం రాయడం లేదు. ఎవరికైనా చెప్పాలి కాబట్టి రాశాను.

చిన్నబాబు చెప్పింది చదివాక రెండు రోజులు పనికి పోలేదు. తొంభై అన్నాడని రాశావు. జూన్‌లో ఆ కారు నడిపి చూసినప్పుడు నేను అతని పక్కన కూర్చున్నాను. ఆ మలుపులో ముప్ఫై దాటలేదు. అక్కడ ట్యాంకర్లు ఉంటాయని, జాగ్రత్తగా తిప్పాలని అతనే నాకు చెప్పాడు. అతను ఎగిరిపోయేట్టు నడుపుతాడని నీకు రాశానే, అది కూడా అబద్ధమే. ఆ మాట స్టేషన్‌లో నా నోటితో చెబుతాను. రాసిచ్చి సంతకం పెడతాను. అతను నమ్మినా నమ్మకపోయినా కాగితం మీద ఉంటుంది.

వచ్చే శుక్రవారం పొద్దున రైలుకు నెల్లూరులో దిగుతాను. పోలీస్ స్టేషన్‌కు వెళ్తాను. తర్వాత వాళ్ళు ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంటాను. ఇంటికి రాను. వదినను వంట చెయ్యొద్దని చెప్పు. నువ్వు స్టేషన్ దగ్గరకు రావద్దు. వస్తే నీతో మాట్లాడను.

నీ మీద కోపంతో కాదు. కోపం ఉంది, అది వేరే. నువ్వు చెప్పకపోయి ఉంటే నేను ఎప్పటికీ చెప్పేవాణ్ణి కాదు. అది నాకు తెలుసు. నీకూ తెలుసు. ఆ సంగతి తెలిసిన మనిషి మొహం చూస్తూ అన్నం తినడం నాకు ఇప్పట్లో చేతకాదు.

బెన్హర్